బడికెళ్లిన పోపుల పెట్టె

నేను ఒక పోపుల పెట్టెను. గుండ్రటి స్టీలు ఒళ్లు, లోపల ఏడు గిన్నెలు, పైన ఒక మూత, మూత మీద ఒక సొట్ట. మా వాళ్లెవరూ వంటింటి గడప దాటి ఎరగరు. పొయ్యి పక్కన నూనె జిడ్డు పట్టి, అక్కడే సొట్టలు పడి, చివరికి పాత సామాన్ల వాడి బస్తాలో కన్నుమూయడం మా వంశాచారం. నేను మాత్రం జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో పదో తరగతి దాకా చదువుకున్నాను. ఫలితాలు ఇంకా రాలేదు.

ఏ ఊరి బడి అని అడగకండి. అక్కడి హెడ్మాస్టరు గారికి పరువు జాస్తి. గోదావరి కాలవ పక్కన ఒక ఊరు అనుకోండి, చాలు.

నేను బడికెళ్లడం మొదలుపెట్టిన కొత్తలో ఒక పొద్దున్న మా ఇంట్లో గొడవ ఆవాల గిన్నె దగ్గర మొదలైంది. మా ఇంటి పెద్దావిడ చూడామణి గారి లెక్క ప్రకారం ఆవాల గిన్నె నడిమధ్యన ఉండాలి, మిగతా ఆరూ దాని చుట్టూ కొలువు తీరాలి. ఆవిడ చూడకుండానే చెయ్యి పెట్టి చిటికెడు తీసేంత అలవాటు అది. అలాగే తీసి కాగిన నూనెలో వేశారు. కానీ ఆ వేళ మధ్యలో మెంతులు కూర్చుని ఉన్నాయి. దోసకాయ పప్పు చేదు విషమైంది.

"వకుళా! నా పోపుల పెట్టె ఎవరు కెలికారే?"

వకుళ కోడలు. పిన్నీసు నోట్లో పెట్టుకుని చీర కుచ్చెళ్లు సర్దుకుంటోంది. "కెలకడం కాదత్తయ్యా. నిన్న బడికి పట్టుకెళ్లానుగా, నూకరత్నం సర్దింది."

"ఆవాలు ఎక్కడుండాలో తెలియని పిల్లకి పదో తరగతి ఏం చెబుతున్నావమ్మా?"

"తెలుసండి. మెంతులు చేదు కదా, పారిపోకుండా మధ్యలో పెట్టానంది."

"పారిపోలేదులే. పప్పులోకొచ్చాయి."

ఇంతలో వకుళ భర్త రామకోటి దువ్వెనతో సహా వంటింట్లోకి వచ్చి, "మధ్యలో ఏదుంటే ఏంటమ్మా, అన్నీ పప్పులోకి పోయేవే కదా" అన్నాడు. అత్తాకోడళ్లు ఇద్దరూ ఒక్కసారిగా ఆయన వైపు తిరిగారు. కొట్లాడుకుంటున్న ఇద్దరు ఆడవాళ్లను కలపాలంటే ఒక మగవాడు మధ్యలోకొచ్చి తెలివైన మాట ఒకటి అంటే సరిపోతుందని నేను చాలా ఏళ్లుగా గమనిస్తున్నాను. ఆయన మాత్రం ఇంకా గమనించలేదు. ఆయన దువ్వెనతో వెనక్కి తగ్గగానే వకుళ నన్ను చేతిసంచిలో పెట్టుకుంది.

"మరి మధ్యాహ్నం చారులోకి?" అని అడిగారు చూడామణి గారు.

"డబ్బాల్లో అన్నీ ఉన్నాయి కదత్తయ్యా."

"డబ్బాలు వెతుక్కుంటూ పెట్టేది పోపవుతుందటే? వెతికేలోపు నూనె మాడిపోదూ?"

ఆ రోజు ఆ ఇంట్లో పోపు లేని చారు తిన్నారు. డబ్బాలు నిండుగానే ఉన్నాయి. ఆవిడకు పట్టుదల కూడా నిండుగానే ఉంది.

నా పుట్టుక గురించి చెప్పకపోతే మర్యాదగా ఉండదు. ఏదో పెద్ద ఊళ్లో ఒక రేకును అచ్చు మీద పెట్టి ఒక్క దెబ్బ కొట్టారు. నేను గుండ్రంగా తయారయ్యాను. నొప్పి పుట్టింది గానీ క్షణంలో అయిపోయింది. మనుషుల పిల్లల్ని కూడా అలాగే అచ్చులో పెట్టి కొడతారని తర్వాత బళ్లో చూశాను. అక్కడ ఆ దెబ్బ పదేళ్లు సాగుతుంది. అయినా అందరూ గుండ్రంగా రారు.

పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఒకావిడ గంపలో ఈ ఊరు చేరాను. చూడామణి గారు ఆవిడను అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, మధ్యాహ్నమంతా బేరమాడారు. జరీ పోయిన చీరలు, చిరుగులు పట్టిన దుప్పట్లు, చివరికి బేరం తెగక వాళ్లాయన ప్యాంటు ఒకటి. అది పాతదని ఆవిడ అనుకున్నారు. కాదని ఆయన అనుకున్నాడు. పోయేదాకా ఆయన ఆ ప్యాంటు వెతుకుతూనే ఉన్నాడు. ఆవిడ కూడా ఎంతో ఓపికగా ఆయనతోపాటు వెతికారు.

కోడలు కాపురానికొచ్చాక చూడామణి గారు ఆమెకు బీరువా తాళాలిచ్చారు, వంటింటి పెత్తనమిచ్చారు. నన్ను మాత్రం ఇవ్వలేదు. వకుళకు ఉద్యోగం వచ్చాకే నాకు గడప దాటే యోగం పట్టింది.

వకుళది ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు చెప్పే పని. మాటలు ఆలస్యమైన పిల్లలు, చూపు ఆననివాళ్లు, చదువు నెమ్మదిగా ఎక్కేవాళ్లు ఆమె దగ్గర కూర్చుంటారు. ఒప్పంద ఉద్యోగం. ఏటా వేసవికి ఎండిపోతుంది. హెడ్మాస్టరు గారు "సంతృప్తికరం" అని ఒక్క ముక్క రాసి పంపితే తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. ఆమె గది విరిగిన బెంచీలకూ గాలిపోయిన ఫుట్‌బాళ్లకూ కేటాయించిన గది. వాటిని కొంచెం జరిపి ఆమెకు చోటిచ్చారు.

ఆ గదిలో ఒక బీరువా ఉంది. అందులో ప్రభుత్వం పంపిన బోధన సామగ్రి ఉంది. రంగు రంగుల చట్రాలు, చెక్క బొమ్మలు, పేర్చే వలయాలు. పిల్లలు ముట్టుకుంటే పాడైపోతాయని దానికి తాళం వేశారు. తాళంచెవి పోతుందని దాన్ని హెడ్మాస్టరు గారి సొరుగులో పెట్టారు. సొరుగు తెరిస్తే వేరే కాగితాలు బయటపడతాయని దానికీ తాళం వేశారు. ఆ సామగ్రి ఇప్పటికీ కొత్తగా మెరుస్తూ ఉంటుంది. నాకు పాడవడం అలవాటే కనుక వకుళ నన్ను తెచ్చుకుంది.

వసంతం వచ్చిందని కవులకు కోయిల చెబుతుందట. బళ్లో ఆ పని హెడ్మాస్టరు సూర్యప్రకాశం గారు చేస్తారు. వేప పూత రాలడం మొదలై, ఒంటిపూట బడులు పెట్టగానే ఆయన "నూటికి నూరు" అని కూయడం మొదలుపెడతారు. ప్రార్థనలో నూటికి నూరు, టీ తాగుతూ నూటికి నూరు. పోయినేడు పదో తరగతిలో నూటికి నూరు మంది ప్యాసయ్యారని ఆయన గదిలో బోర్డు ఉంది. ఎలాగయ్యారంటే, ప్యాసవుతారో లేదో అని అనుమానం ఉన్నవాళ్లందరికీ సరిగ్గా పరీక్షల వేళకే జ్వరాలొచ్చాయి. అంత క్రమశిక్షణ గల జ్వరాలు ఏ వైద్యుడూ చూసి ఉండడు.

ఇక వకుళకు వసంతం అంటే ఇంకో అర్థం. లెక్కల మాస్టారు సెలవు పెడితే ఆయన క్లాసులో వకుళ కూర్చోవాలి. వీడ్కోలు సభకు ముగ్గు వకుళ వెయ్యాలి. పదో తరగతి ఫొటోకు పిల్లల్ని పొడుగు వరసన నిలబెట్టి, ఫొటో తీసేటప్పుడు పక్కకు తప్పుకోవాలి. "మీకేం మేడం, మీకు క్లాసులుండవుగా" అంటారు మిగతా టీచర్లు. ఆ క్లాసులుండని మనిషి ఎదురుగా ఆరుగురు పిల్లలు కూర్చుని ఉంటారు. వాళ్లు నిశ్శబ్దంగా ఉంటే కనబడరు, అరిస్తే "కాస్త చూసుకోండి మేడం" అంటారు.

ఆ ఆరుగురిలో పదో తరగతి పిల్ల నూకరత్నం ఒక్కతే. పొడగరి, రెండు జడలు, చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. దాని తండ్రి సత్తిరాజుది పుణుగుల బండి. రత్నానికి చదువు వస్తుంది, కాకపోతే నడిచి వస్తుంది. వరస మాత్రం నిలవదు. వాన ఎలా పడుతుందో చెప్పమంటే ముందు వాన పడేది, తర్వాత మబ్బు పట్టేది, ఆ తర్వాత ఎండ కాసి సముద్రం ఆవిరయ్యేది. పరీక్షలో అది చెబుతుంటే రాసిపెట్టడానికి తొమ్మిదో తరగతి పిల్లను ఇస్తారు. కానీ ఆ పిల్ల విన్నది విన్నట్టే రాస్తుంది కదా.

ఒక రోజు వకుళ సత్తిరాజు బండి దగ్గర ఆగింది. సాయంత్రం చట్నీకి రత్నమే పోపు పెడుతోంది. శనగపప్పు వేసి ఆగింది. మినప్పప్పు వేసింది. రంగు తిరిగాక ఆవాలు, చిటపటమన్నాక జీలకర్ర, చివర ఎండుమిరపకాయ. ఒక్కటి తప్పలేదు. ఒక్కటి ముందు పడలేదు. మర్నాటి నుంచి నేను బడికి వెళ్లడం మొదలుపెట్టాను.

ఒక్కో గిన్నెకు ఒక్కో వాక్యం. శనగపప్పు గిన్నె మీద వేలు పెడితే సముద్రం ఎండకు వేడెక్కాలి. మినప్పప్పు మీద పెడితే ఆవిరి పైకి లేవాలి. ఆవాల దగ్గర మబ్బు కట్టాలి, జీలకర్ర దగ్గర అది చల్లబడాలి, ఎండుమిరపకాయ దగ్గర వాన కురవాలి. నా ఒంట్లో అన్ని వానలు కురవడం నేనెప్పుడూ ఎరగను. పసుపు కాగితాలకంటుతోందని ఆ గిన్నె ఖాళీ చేసి, చిన్న తెల్ల చొక్కా గుండీలు పోసింది వకుళ. జవాబు పూర్తికాగానే "అయిపోయింది" అని రత్నం ఒక గుండీ తీసి బల్ల మీద పెట్టాలి. బడి వదిలే వేళకు గుండీలన్నీ లెక్కపెట్టి గిన్నెలో వెయ్యాలి. ఒక్కటి తక్కువైనా అది ఇంటికి కదలదు. బెంచీల కింద పాకి వెతికి తెచ్చేది.

మెంతులకు మాత్రం ఏ వాక్యమూ ఇవ్వలేదు. అవి మధ్యలో ఖైదులో ఉండేవి.

మార్చి మధ్యకు వచ్చేసరికి వేలు పెట్టకుండానే వాన కురవసాగింది. అప్పుడే సూర్యప్రకాశం గారు మా గదికి వచ్చారు. ఏడాదిలో అది ఆయన మొదటి రాక. విరిగిన బెంచీ మీద కూర్చోబోయి మానుకున్నారు.

"వకుళ గారూ, ఆ పిల్లంటే నాకూ జాలేనండి. జాలి ఉంది కాబట్టే చెబుతున్నాను. ఈ ఎండల్లో దాన్ని ఎందుకండి కష్టపెట్టడం?"

"దానికి కష్టం లేదండి సార్. రాస్తానంటోంది."

"అది ఎన్నయినా అంటుందండి. రేపు ఫలితాలొచ్చాక జనం మనల్ని అంటారు."

"ప్యాసవుతుందండి. ఇలాంటి పిల్లలకి ప్యాసు మార్కులు కూడా తక్కువే కదా."

"అవుతుందని మీరంటారు. అవుతుందేమో అని నేనంటాను. ఆ 'ఏమో'తోనే నా బోర్డు పోతుంది." ఆయన నవ్వారు. "మీ కాగితం కూడా వచ్చే నెల నా టేబులు మీదకే వస్తుంది కదండీ. ఆలోచించుకోండి మరి."

ఆయన వెళ్లాక వకుళ నా మూత తీసి, "రత్నం, శనగపప్పు" అంది. గొంతు మామూలుగానే ఉంది. మూత మాత్రం బల్ల మీద కొంచెం గట్టిగా పెట్టింది. నా సొట్ట పక్కన ఇంకో సొట్ట పడింది.

ఆ మర్నాడు వకుళను ఏదో క్లాసుకు పంపించి ఆయన మళ్లీ వచ్చారు. రత్నానికి చాక్లెట్ ఇచ్చారు.

"పరీక్షలకి నువ్వు రావద్దమ్మా. ఎవరైనా అడిగితే నాకు జ్వరం అని చెప్పాలి. ఏదీ, చెప్పు?"

"మీకు జొరమాండి?"

"నాకు కాదే. నీకు."

"నాకు లేదండి."

"లేకపోయినా చెప్పాలి."

రత్నం చాలాసేపు ఆలోచించి, "ఏ గిన్నె దగ్గర చెప్పాలండి?" అని అడిగింది. ఆయనకు అర్థం కాలేదు. అర్థం కానివాటికి తలూపడం ఆయనకు అలవాటు. తలూపి వెళ్లిపోయారు.

పరీక్షలకు నాలుగు రోజులున్నాయనగా తనిఖీకి పెద్ద అధికారి వస్తున్నారని కబురొచ్చింది. అప్పుడు తాళాలన్నీ తెరుచుకున్నాయి. బీరువాలోంచి రంగు రంగుల నా బంధువులు బయటికొచ్చి బల్ల మీద బారుగా నిలబడ్డారు. "ఈ వంట సామాను ఏంటండీ, తీసెయ్యండి" అని నన్ను బల్ల కిందకు తోశారు హెడ్మాస్టరు గారు. అధికారి వచ్చి, బొమ్మల్ని చూసి, "చాలా బాగున్నాయి" అన్నారు. బొమ్మలు బాగున్నాయి నిజమే. వాటితో ఎలా ఆడాలో గదిలో ఎవరికీ తెలియదు.

అధికారులు వచ్చినప్పుడు పిల్లలతో కలిసి మధ్యాహ్న భోజనం చెయ్యడం ఒక ఆచారం. ఫొటో బాగా వస్తుంది. అధికారి కాళ్లు కడుక్కుంటుండగా హెడ్మాస్టరు గారు వంటపాకలోకి దూరి సాంబారు రుచి చూశారు.

"ఏంటి వరాలమ్మా, ఇది సాంబారా, కాలవ నీళ్లా? పోపు గట్టిగా పెట్టు."

"పోపు సామాను అయిపోయిందండి. పొద్దున్నే చెప్పాను మీకు" అంది వరాలమ్మ.

అటెండరుకు నేను గుర్తొచ్చాను. బల్ల కిందనుంచి నన్ను తెచ్చాడు. వంట సామానునని గెంటేసిన గంటలోపే వంట సామానునని ఎంతో గౌరవంగా తీసుకెళ్లారు. వరాలమ్మ వడ్డనకు వెళ్లింది. అధికారి గారి గిన్నె కనుక ఇంకొకరికి అప్పగించడం ఇష్టం లేక హెడ్మాస్టరు గారే మూకుడు ఎక్కించారు. ఆయన కళ్లజోడు ఆఫీసు టేబులు మీద ఉంది. శనగపప్పు పోశారు, బాగుంది. మినప్పప్పు అనుకుని పక్క గిన్నె బోర్లించారు. అవి గుండీలు. నూనెలో వింతగా చప్పుడు చేశాయి. "మినప్పప్పు కొత్తది కాబోలు" అన్నారాయన. కలియబెట్టి సాంబారులో పోశారు.

ఇంకోపక్క రత్నం చెయ్యి కడుక్కుని, గుండీలు లెక్కపెట్టే వేళయిందని గదికెళ్లింది. నేను లేను. వెతుక్కుంటూ వంటపాకకొచ్చింది. ఖాళీ గిన్నె చూసింది. ఒక్క గుండీ తక్కువైతేనే కదలని పిల్లకు గుండీలన్నీ లేవు. వరండాలో భోజనాల వరసకు వెళ్లి ఒక్కొక్క కంచంలోకీ తొంగిచూడసాగింది. అటెండరు నన్ను చంకలో పెట్టుకుని దాని వెనకే వచ్చాడు, ఏం జరుగుతుందో చూడాలని.

అధికారి గారు అప్పుడే పంటి కిందనుంచి ఏదో తీసి వెలుతురులో పెట్టి చూస్తున్నారు.

"అది నాదండి" అని చెయ్యి చాపింది రత్నం.

"ఏంటిది?"

"గుండీ అండి. అయిపోయింది అనే గుండీ."

హెడ్మాస్టరు గారు అడ్డం పడబోయారు. "ఆ ప్రత్యేక అవసరాల పిల్లల టీచరు గారి పెట్టె సార్, నేను ముందే చెప్పాను వద్దని..."

వకుళ వరస చివర నిలబడి ఉంది. అధికారి గారికి ఏం మాట్లాడాలో తోచలేదు. తోచనప్పుడు అధికారులు పిల్లల్ని అడిగే ప్రశ్నే అడిగారు.

"ఏ క్లాసమ్మా నువ్వు? పరీక్షలు బాగా రాస్తావా?"

దానికి జవాబు ఎవరూ చెప్పరు, వాళ్లూ వినరు. కానీ అడిగినదానికి పూర్తి వాక్యంలో చెప్పాలని వకుళ ఏడాదంతా నేర్పింది.

"నా పేరు నూకరత్నం అండి. నేను పదో తరగతి అండి. పరీక్ష రాయనండి. హెడ్మాస్టరు గారు రావద్దన్నారు. జొరం అని చెప్పమన్నారు. నాకు జొరం లేదండి, చూడండి" అంటూ ఆయన చెయ్యి పట్టుకుని తన నుదుటి మీద పెట్టుకుంది. సాంబారు చెయ్యి. నుదుటి మీద పచ్చగా మరక పడింది. పిల్లలు నవ్వారు. లెక్కల మాస్టారికి దగ్గొచ్చింది.

అధికారి గారు జీపు ఎక్కేటప్పుడు హెడ్మాస్టరు గారిని పక్కకు పిలిచారు. అటెండరు చంకలో ఉన్నాను కనుక నేను విన్నాను. ధర్మం గెలుస్తుందేమోనని చెవులు రిక్కించాను.

"సూర్యప్రకాశం గారూ, పిల్లల నోటి వెంట రానిస్తారటండీ అలాంటివి? ఇంతమందిలో అనేసింది. ఇక బడి నుంచి ఆపితే బాగుండదు. ఇంట్లోవాళ్లే పంపలేదనుకోండి, దానికి మనమేం చేస్తాం?"

అంత మెత్తటి చీవాట్లు నేను మా చూడామణి గారి దగ్గర ఎప్పుడూ వినలేదు. హెడ్మాస్టరు గారి ముఖం వికసించింది.

ఆ సాయంత్రమే వకుళకు పరీక్షల డ్యూటీ పడింది. రత్నం రాసే కేంద్రంలో కాదు, కాలవకు ఆవలి ఊళ్లో. అదీ మొదటి రోజు నుంచీ. తెలిసిన మనిషి గేటు దాకా రాకపోతే రత్నం లోపలికి అడుగు పెట్టదని బళ్లో అందరికీ తెలుసు. ముఖ్యంగా డ్యూటీలు వేసినాయనకు తెలుసు.

"ఎందుకే నీకీ గొడవ, కాగితం మీద సంతకం పడేదాకా ఊరుకోరాదూ" అన్నాడు రామకోటి ఇంట్లో.

"ఊరుకుంటే సంతకం పడుతుంది. దాని పరీక్ష పోతుంది" అంది వకుళ. తర్వాత అత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యా, పెట్టె రత్నానికిచ్చేస్తానండి. ఈ నాలుగు రోజులూ ఇంట్లో దాని ముందుంటే వరస చెదరదు."

చూడామణి గారు నన్ను వకుళ చేతిలోంచి తీసుకున్నారు. ఇక ఇవ్వరనే అనుకున్నాను. నన్ను చింతపండు పెట్టి తోమారు. ఆరబెట్టారు. కొత్త పప్పులు, కొత్త ఆవాలు, తొడిమలు ఊడని ఎండుమిరపకాయలు ఏరి మరీ పోశారు.

"పిల్లకిచ్చేటప్పుడు ఖాళీ గిన్నెలిస్తారటే ఎవరైనా" అని గదమాయించారు. "గుండీలు నువ్వు తెచ్చుకో. నా దగ్గర లేవు."

అలా నేను సత్తిరాజు ఇల్లు చేరాను. ఒకటే గది, ముందు రేకుల చావడి, చావడిలో బండి. రత్నం నన్ను చాప మీద పెట్టుకుని కూర్చునేది. పరీక్ష గదిలోకి నన్ను రానివ్వరు కనుక వకుళ ఈసారి వేళ్లకు వరస అప్పగించింది. బొటనవేలు శనగపప్పు, చిటికెనవేలు ఎండుమిరపకాయ, పిడికిలి మూస్తే అయిపోయింది. పరీక్ష ముందురోజు మధ్యాహ్నం చివరిసారి వచ్చింది.

"సత్తిరాజూ, రేపు నాకు అవతల ఊళ్లో డ్యూటీ. పొద్దున్నే నువ్వే తీసుకెళ్లాలి. గేటు దగ్గర నిలబడి, అది వెనక్కి చూసినప్పుడల్లా కనబడితే చాలు."

సత్తిరాజు నెత్తి గోక్కున్నాడు. "పొద్దున్నంటే బండి టైమండి టీచరుగారూ. అసలు బేరం అప్పుడేనండి. ఆళ్లమ్మకి సెంటరెక్కడో తెలీదండి."

"నేను చెప్పాల్సింది చెప్పాను. ఆలోచించుకో" అంది వకుళ. రత్నం నుదుటి మీద జుట్టు సర్ది వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే రత్నం కూడా లేచి వెంట వస్తుందని ఆమెకు తెలుసు.

పొద్దు వాలే వేళకు ఇంటి ముందు ఒక స్కూటరు ఆగింది. సూర్యప్రకాశం గారు. సత్తిరాజు కంగారుగా స్టూలు తుడిచి వేశాడు. అతని భార్య లోవకుమారి పుణుగులు కంచంలో పెట్టి పంపితే రత్నమే తెచ్చి ఇచ్చింది, చట్నీ వేరే గిన్నెలో, మంచినీళ్లు కుడిచేతి వైపు. "నమస్కారమండి" అని పూర్తిగా అంది. ఆయన పుణుగులు తిన్నారు. బాగున్నాయన్నారు.

"చూడు సత్తిరాజూ, నీ మంచి కోరి వచ్చాను. పిల్లని రేపు పంపకు. అక్కడ భయపడి ఏడుస్తుంది, నలుగురూ నవ్వుతారు. పంపకపోతే నిన్నెవరూ ఏమీ అనరు. ఇంట్లోవాళ్ల ఇష్టం అది."

"ఆయ్" అన్నాడు సత్తిరాజు చేతులు కట్టుకుని.

"టీచరమ్మకేం, ఇవాళ ఉంటుంది రేపు పోతుంది. ఊళ్లో ఉండేది నువ్వూ నేనూ."

"ఆయ్."

"అయినా అది రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే. ఎల్లకాలం నీ బండి దగ్గర కూర్చునేదేగా!"

సత్తిరాజు ఈసారి ఆయ్ అనలేదు. హెడ్మాస్టరు గారు గమనించలేదు. చేతులు తుడుచుకుని, మిగిలిన పుణుగులు పొట్లం కట్టించుకుని, స్కూటరెక్కారు. తన బోర్డు భద్రంగా ఉందన్నంత హాయిగా వెళ్లారు.

సత్తిరాజు బండి తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు. లోవకుమారి పిలిచింది, అన్నానికి. నాలోంచి సామాను తీసి చారుకు పోపు పెట్టింది. ఆ చిన్న గదంతా పోపు వాసన. ముగ్గురూ చాప మీద కూర్చున్నారు. రత్నం చారు అన్నం ముద్దలు చేసుకుంటోంది. దాని చెడ్డ అలవాటల్లా తింటూ వానలు కురిపించడమే. ఆ వేళ కూడా పెదాలు కదుపుతోంది.

సత్తిరాజు కంచంలో చెయ్యి పెట్టి తినకుండా కూర్చున్నాడు.

"ఏటయ్యా, ఉప్పు తక్కువైందా?" అంది లోవకుమారి.

"బండి దగ్గర కూర్చునేదేగా అన్నాడు."

"మరి కూర్చోదా?"

"కూర్చుంటాది. కూర్చోదని నేనన్లేదు. అది మనం అనుకోవాలి, లేదా అది అనుకోవాలి. నా ఇంట్లో కూకుని, నా కూతురు చేత్తో పెట్టిన పుణుగులు తింటా ఆయన అంటాడేటి?"

లోవకుమారి చేతిలోని గరిటె చారు గిన్నెలో అలాగే ఆగిపోయింది. రత్నం ముద్ద నోట్లో పెట్టుకుని తండ్రినీ తల్లినీ మార్చి మార్చి చూసింది.

సత్తిరాజు గొంతు సవరించుకున్నాడు. పెళ్లిపందిట్లో పెద్దమనిషి మాట చెప్పేటప్పుడు సవరించుకుంటాడే, అలాగ.

"రేప్పొద్దున బండి తియ్యట్లేదు. నేనూ పిల్లా సెంటరుకెళ్తన్నాం. అన్ని పరీచ్చలూ అయ్యేదాకా అంతే."

"అయ్యో, పిండి రుబ్బేశాను కదయ్యా! పొద్దున్నే జనం వచ్చి ఏదీ బండి అంటే నేనేం చెప్పేది?"

"మా అమ్మాయికి పదో తరగతి పరీచ్చని చెప్పు" అన్నాడు సత్తిరాజు, అన్నం కలుపుకుంటూ. "గట్టిగా చెప్పు."